వార్డు చాలా, ఐసీయూ కావాలా?

కర్నూలు పెద్దాసుపత్రిలో "ఐసీయూలో వేసినారంట" అనే మాట వింటే చాలు, బంధువులు సగం ఆశ వదిలేసుకుంటారు. ఇంకొందరైతే మామూలు జ్వరానికి కూడా ఐసీయూలోనే పెట్టమని పట్టుబడతారు. రెండూ పొరపాటే. చూడాల్సింది ఊపిరి, రక్తప్రసరణ, స్పృహ. వీటిలో ఏదైనా తడబడుతోందా, తడబడేలా ఉందా?

పోయిన వానాకాలం పత్తికొండ దగ్గర మా ఊళ్లో చిన్నాన్నను నిద్రలో కట్లపాము కరిచింది. గాటు కనపడలేదు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోతున్నాయి. క్యాజువాలిటీలో డాక్టరమ్మ "ఒక్క గుక్కలో అంకెలు లెక్కపెట్టు పెద్దాయనా" అంది. ఇరవై దాకా వచ్చాడు. అరగంట తర్వాత పన్నెండు దగ్గరే ఆగిపోయాడు, అంటే ఊపిరి బలం తగ్గిపోతోందన్నమాట. వెంటనే ఐసీయూకి మార్చేశారు.

విరుగుడు మందు వార్డులోనూ ఎక్కించవచ్చు. కానీ కట్లపాము విషం నరాల కొనలను ఒకసారి దెబ్బతీశాక విరుగుడు వాటిని బాగుచేయలేదు. అవి కోలుకునేదాకా వెంటిలేటరే ఊపిరి మోయాలి. పురుగుమందు తాగినవాళ్లను ఐసీయూలో ఉంచడానికీ చాలాసార్లు కారణం ఇదే, ఊపిరి ఆగే ప్రమాదం.

డెంగీ సంగతి వేరు. ప్లేట్‌లెట్లు నలభై వేలకు పడ్డాయని అందరికీ టెన్షన్. రోగి నీళ్లు తాగుతూ, మూత్రం పోస్తూ, బీపీ నిలకడగా ఉండి, రక్తస్రావం లేకపోతే సాధారణంగా వార్డు చాలు. ఎనభై వేలున్నా చేతులు చల్లబడి, కడుపునొప్పి వచ్చి, బీపీ పడిపోతుంటే మాత్రం ఐసీయూ కావాలి.

ఐసీయూలో ఒక నర్సు ఒకరిద్దరినే చూసుకుంటుంది, మానిటర్ మీద నుంచి కన్ను తియ్యదు. వార్డులో అంత కుదరదు. అలాగని ఐసీయూ ఊరికే మేలు చేసే చోటు కాదు. గొట్టాల వల్ల ఇన్ఫెక్షన్లు వస్తాయి. ముసలివాళ్లకు రాత్రీ పగలూ తెలియక మతి చెదురుతుంది. ప్రైవేటులో బిల్లు సంగతి చెప్పక్కర్లేదు. కొన్ని ఆసుపత్రుల్లో వార్డుకూ ఐసీయూకూ మధ్యన హెచ్‌డీయూ (హై డిపెండెన్సీ యూనిట్, అంటే వార్డుకన్నా దగ్గరగా కనిపెట్టుకుని ఉండే చోటు) ఉంటుంది, అడగండి.

ఇంకో మాట. 2023 చివర్లో కేంద్ర ఆరోగ్య శాఖ ఐసీయూ చేరికలకు మార్గదర్శకాలు తెచ్చింది. రోగి గానీ ఇంటివాళ్లు గానీ వద్దంటే ఐసీయూలో చేర్చకూడదని అందులో ఉంది. అందుకే సంతకం పెట్టేముందు ధైర్యంగా అడగండి: "సార్, వార్డులో చేయలేనిది ఇక్కడ ఏం చేస్తున్నారు?" సరైన కారణం ఉంటే డాక్టరు రెండు ముక్కల్లో చెప్తాడు. అప్పుడు ఆలస్యం చేయొద్దు.

చిన్నాన్నకు నాలుగో రోజు గొట్టం తీశారు. దిండు మీద నుంచి తల ఎత్తి నిలపగలిగాక వార్డుకు పంపారు. ఆ సాయంత్రం మా పిన్ని మంచం పక్కన కూర్చుని ఆయన చేత మళ్లీ అంకెలు లెక్కపెట్టించింది. ఒక్క గుక్కలో ముప్పై దాటాడు.