మెహదీపట్నం రైతు బజార్‌లో తోటకూర

హైదరాబాద్‌లో ఆకుకూరలకి మాత్రం నా ఓటు మెహదీపట్నం రైతు బజార్‌కే. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ బజార్లలో రైతులే నేరుగా అమ్ముకుంటారు, రేట్లు బోర్డు మీద ఉంటాయి కాబట్టి బేరాల గొడవ తక్కువ. పొద్దున్నే వెళ్తే తోటకూర కట్టల వేళ్లకి ఇంకా తడి మట్టి అంటుకునే ఉంటుంది, కాడ వంచితే టక్కున విరుగుతుంది, సూపర్‌మార్కెట్ కవర్లో చెమట పట్టిన ఆకుకి దీనికి పోలికే లేదు.

చవగ్గా దొరుకుతుందని తోటకూరని లెక్కచెయ్యరు గానీ 100 గ్రాముల్లో 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, ఐరన్, బీటా కెరోటిన్ కూడా బాగానే ఉంటాయి. కాకపోతే కాల్షియంని పట్టి ఉంచే ఆక్సలేట్లు అనే పదార్థాలు కూడా ఎక్కువే, అందుకని ఆ కాల్షియం అంతా ఒంటికి పట్టదు, కిడ్నీలో రాళ్లు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగి తినండి. ఐరన్ బాగా పట్టాలంటే కూర దించాక కాస్త నిమ్మకాయ పిండితే చాలు, విటమిన్ సి సాయం చేస్తుంది.

మేమైతే లేత ఆకు వెల్లుల్లి, ఎండుమిర్చి పోపుతో వేపుడుకి, కాడలు పులుసుకి వాడతాం, పడేసేది ఏమీ ఉండదు. ఇసుక ఉంటుంది కాబట్టి రెండు మూడు నీళ్లు మార్చి కడగాలి, అదీ తరగకముందే, తరిగాక కడిగితే విటమిన్లు నీళ్లతో పోతాయి. ఆదివారం రష్ ఎక్కువ, వీలైతే మామూలు రోజు వెళ్లండి, బట్ట సంచి మర్చిపోకండి.