‘పితృవంశ డీఎన్‌ఏ’ పేరుతో డబ్బు కట్టేముందు: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగువాళ్లకు హెచ్చరిక

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు కుల సంఘాల సమావేశాలకు ఏజెంట్లు వచ్చి, ‘మీ వంశం డీఎన్‌ఏతో తేల్చేస్తాం, గోత్రం, మూల గ్రామం రిపోర్టులోనే వస్తాయి’ అని డబ్బు కట్టించుకుంటున్నారు. అలా కొన్నవాళ్ల రిపోర్టులు కొన్ని చూశాక ఇది రాస్తున్నాం. డబ్బు పోవడం కంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. ఆ కాగితం చూసి తరతరాలుగా మైల పట్టిన పాలివాళ్లనే ‘వీళ్లు మనవాళ్లు కారేమో’ అనుకునే పరిస్థితి వస్తోంది. దానికి ఆ కాగితంలో ఆధారమే లేదు.

రంగుల మ్యాపులు, దేవుడి బొమ్మలు పక్కన పెడితే ఆ రిపోర్టులో అసలు సరుకు ఒక చిన్న పట్టిక. 17 మార్కర్లు, ఒక్కోదాని ఎదురుగా ఒక అంకె. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై క్రోమోజోమ్‌లో కొన్ని చోట్ల (వాటినే మార్కర్లు అంటారు) ఒక చిన్న డీఎన్‌ఏ ముక్క వరసగా మళ్లీ మళ్లీ వస్తుంది. అది ఎన్నిసార్లు వచ్చిందో చెప్పేదే ఆ అంకె. 17 మార్కర్లు కనబడితే అది వైఫైలర్ లాంటి ఫోరెన్సిక్ కిట్ అయి ఉండొచ్చని అనుమానించండి. నేర పరిశోధనలో మగవాడి డీఎన్‌ఏను విడిగా గుర్తించడానికి తయారైన కిట్ అది. ఆ పనికి మంచిదే. కానీ ఈమధ్య తరాల్లో ఏ చుట్టరికమూ లేని ఇద్దరికి 17 అంకెలూ కలవడం జరుగుతుంది. వంశం వెతికేవాళ్లు కనీసం 37 మార్కర్లతో మొదలుపెట్టి, అవసరమైతే 111 దాకా వెళ్తారు.

రెండో మోసం హాప్లోగ్రూపు దగ్గర. తండ్రి వైపు వేల ఏళ్ల నాటి ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన పెద్ద కొమ్మను అలా అంటారు. ‘మీది హెచ్’, ‘మీది ఆర్1ఏ’ అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. ఈ 17 అంకెలను నెట్‌లో ఉచితంగా దొరికే ప్రెడిక్టర్‌లో (హాప్లోగ్రూపును ఊహించి చెప్పే ప్రోగ్రామ్) వేస్తే ఎవరికైనా ఆ అక్షరం వస్తుంది. అది అంచనా. పెద్ద కొమ్మ వరకు చాలాసార్లు సరిపోవచ్చు, లోపలి చిన్న కొమ్మల విషయంలో నమ్మలేం. నిజంగా పరీక్ష చేస్తే ఏ ఎస్‌ఎన్‌పీ (డీఎన్‌ఏలో ఒక్క అక్షరం మారిన చోటు) చూశారో రాయాలి: ‘ఎం82 పాజిటివ్’, ‘ఎం124 నెగెటివ్’ ఇలాగ. ఆ వరస లేకపోతే ‘ఏ ఎస్‌ఎన్‌పీ పరీక్షించారు?’ అని లిఖితపూర్వకంగా అడగండి. సమాధానం రాకపోతే మీరు కొన్నది అంచనా.

అది నిజమైన హాప్లోగ్రూపే అయినా గోత్రం చెప్పదు. హెచ్ హాప్లోగ్రూపు (హెచ్-ఎం69) దక్షిణాసియా అంతటా, ఎన్నో కులాల్లో, తెగల్లో ఉంది. దాని కొమ్మ ఎం82 యూరప్‌లోని రోమా (జిప్సీ) ప్రజల్లోనూ ఉంది. ఆర్1ఏలో మన దగ్గర ఎక్కువగా కనిపించే జెడ్93 కొమ్మ కూడా వేల ఏళ్ల నాటిది. మన ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ల పేర్ల నుంచి, వృత్తుల నుంచి వచ్చినవి. హాప్లోగ్రూపుల ముందు అవి నిన్న మొన్నటివి. అంత పాత గుర్తును పట్టుకుని ‘మీ పూర్వీకులు ఫలానా ఋషి సంతతి, ఫలానా ఊరి నుంచి వచ్చారు’ అని రాసేది ల్యాబు కాదు, ఆ రిపోర్టు అమ్ముతున్నవాళ్లు. ఒకే గోత్రం వేర్వేరు కులాల్లో ఉండటం మనందరికీ తెలిసిందే.

అదే పేజీలో ‘62 శాతం ఇది, 38 శాతం అది’ లాంటి లెక్కలు కనిపిస్తే ఇంకా జాగ్రత్త. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి దాదాపు ఉన్నదున్నట్టుగా వస్తుంది. అందులో శాతాలు ఉండవు. శాతాలు మిగిలిన క్రోమోజోముల పరీక్షలో వస్తాయి, అది వేరే టెస్టు. ఇంకో తేలికైన గుర్తు: ఆడవాళ్లకు వై క్రోమోజోమ్ ఉండదు. ఆడమనిషి ఇచ్చిన శాంపిల్ మీద ‘పితృవంశ రిపోర్టు’ వచ్చిందంటే అది చేయని పరీక్షకు ఇచ్చిన కాగితం. ఆమె పుట్టింటి వంశం తెలియాలంటే తండ్రో, అన్నదమ్ములో, పెదనాన్న చిన్నాన్నల కొడుకులో ఇవ్వాలి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఏజెంట్లు చెప్పరు. ఒక్కడి శాంపిల్‌తో వంశవృక్షంలో ఒక్క పేరు కూడా చేరదు. ఈ పరీక్ష పనికొచ్చేది ఇద్దరిని పోల్చినప్పుడే. విదేశీ డేటాబేసుల్లో తెలుగువాళ్లు తక్కువ కాబట్టి ఒంటరిగా చేయించుకుంటే దగ్గరి మ్యాచ్ ఒక్కటీ రాకపోవడం మామూలే. ముందు ప్రశ్న తేల్చుకోండి. ‘పర్లాకిమిడిలోని మా శాఖ, టెక్కలి దగ్గరి శాఖ ఒకే మూలపురుషుడివా?’ ఇలాంటి ప్రశ్నకు రెండు శాఖల నుంచి ఒక్కో మగవాడు, వీలైతే ఇద్దరేసి, ఒకే ల్యాబులో 37 మార్కర్లు చేయించాలి. ఒకే ఇంట్లో అన్నదమ్ములిద్దరికీ చేయిస్తే కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ఎంత దూరపు దాయాదులను తీసుకుంటే అంత లాభం.

ఫలితం చదివేటప్పుడు 37లో ఎన్ని అంకెలు తేడా ఉన్నాయో చూడండి. ఇంటిపేరు, మైల సంప్రదాయం కలిసి, తేడా రెండు మూడు లోపు ఉంటే ఒకే మూలం అనడానికి బలం ఉంది. నాలుగైదు దగ్గర ఆగిపోతే 111కో, బిగ్ వై-700 లాంటి లోతైన పరీక్షకో వెళ్లాలి. పదికి మించితే ఇంటిపేర్లు పుట్టిన కాలంలో వాళ్లది ఒకే మూలం కాదు. అన్నీ కలిసినా ఏ తరంలో విడిపోయారో ఈ అంకెలు చెప్పవు. అన్న, పెదనాన్న కొడుకు, ఐదో తరం దాయాది ముగ్గురూ ఒకేలా కనిపించగలరు. అందుకే ఆస్తి తగాదాలో ‘నేను ఫలానావాడి కొడుకుని’ అనడానికి దీన్ని పట్టుకెళ్లకండి. కుల ధ్రువపత్రానికీ పనికిరాదు. దానికి తండ్రి, తాతల రెవెన్యూ, స్కూలు కాగితాలే చూస్తారు.

అంకెలు కలవకపోతే వెంటనే ఎవరి మీదా నింద వేయకండి. మన దగ్గర దత్తత ఉంది. ఇల్లరికం ఉంది, ఇల్లరికపు అల్లుడి కొడుకులు తాతగారి ఇంటిపేరు పెట్టుకున్నా వాళ్ల వై క్రోమోజోమ్ అల్లుడిదే. రెండు వేర్వేరు ల్యాబుల రిపోర్టులు పోల్చితే తేడా లేనిచోట తేడా కనబడుతుంది. డీవైఎస్ 389-2 అనే మార్కర్‌ను కొందరు మొత్తంగా 29 అని, కొందరు 389-1 తీసేసి 16 అని వేస్తారు. రెండూ ఒకటే.

శాంపిల్ పాడవడం కూడా తరచూ జరుగుతోంది. ఒకే బల్ల దగ్గర పదిమంది పెద్దవాళ్లకు గ్లోవ్స్ లేకుండా బుగ్గల్లో స్వాబ్ (దూది పుల్ల) తిప్పి, తడిగానే ప్లాస్టిక్ కవర్లో వేసి, ఎండలో బస్సులో పంపితే బూజు పట్టి డీఎన్‌ఏ చెడిపోతుంది, లేదా ఒకరిది ఒకరిలో కలుస్తుంది. పాన్, ఖైనీ, గుడాకు వాడేవాళ్లు నోరు నీళ్లతో బాగా పుక్కిలించి, ఒక గంట ఏమీ తినక, తాగక ఆగాలి. ఒక్కో బుగ్గ లోపల అర నిమిషం నుంచి నిమిషం దాకా గట్టిగా తిప్పాలి, కొన చేత్తో ముట్టుకోకూడదు. ద్రవం ఉన్న ట్యూబు ఇస్తే అందులోనే వేయాలి. అలాంటిది లేకపోతే నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి, కవరు మీద పేరు అప్పుడే రాయాలి. రిపోర్టులో డీవైఎస్ 393 లాంటి, ఒకే అంకె ఉండాల్సిన మార్కర్లు రెండు మూడింటి ఎదురుగా రెండేసి అంకెలు ఉంటే ఇద్దరి శాంపిళ్లు కలిసిపోయాయని అనుమానించండి. డీవైఎస్ 385కి రెండు, 464కి నాలుగు ఉండటం మాత్రం సహజం.

ల్యాబుకు ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందంటే అక్కడితో ఆగకండి. ఆ గుర్తింపు ఏ పరీక్షలకు ఇచ్చారో జాబితా ఉంటుంది. షుగర్, థైరాయిడ్‌కు ఉన్న గుర్తింపు వై మార్కర్లకు వర్తించదు. ముడి ఫలితాల ఫైలు మీకే ఇస్తామని, శాంపిల్ నాశనం చేస్తామని రాసివ్వమనండి. 2023లో 23అండ్‌మీ అనే అమెరికా డీఎన్‌ఏ పరీక్షల కంపెనీ వాడకందారులు సుమారు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా రక్షణ కోరింది. ఒకరి డీఎన్‌ఏ ఫైలు బయటపడితే దాయాదులందరి గురించీ కొంత బయటపడినట్టే. సమ్మతి పత్రం ఒడియాలోనో ఇంగ్లిషులోనో ఉంటుంది. సంతకం పెట్టే ముందు తాతగారికి తెలుగులో చదివి వినిపించండి, దత్తత లాంటి సంగతులు బయటపడవచ్చని కూడా చెప్పండి.

నిజంగా వంశం కావాలంటే ముందు కాగితాలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. కాబట్టి పాత రికార్డుల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్, భువనేశ్వర్‌లోని ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్ రెండూ చూడాలి. గయలో, పూరీలో మీ కుటుంబ పండాల పుస్తకాల్లో తాత ముత్తాతల పేర్లు దొరకవచ్చు.

ఇప్పటికే కట్టినవాళ్లు ప్రచార కాగితం, రసీదు, యూపీఐ వివరాలు, వాట్సాప్ మాటలు దాచి ఉంచండి. ముందు రాతపూర్వకంగా డబ్బు వెనక్కి అడగండి. తర్వాత 1915కు (జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి, లేదా ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు పెట్టండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ ఎక్కడున్నా మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. శాంపిలే తీసుకోకుండా డబ్బు లాగేసి ఫోన్ ఎత్తకపోతే అదే రోజు 1930కు (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) చెప్పండి.