బ్రదర్ ఫ్యాక్స్-575: స్పీడ్ డయల్ కోసమైనా ఇంట్లో ఉండాల్సిందే

ఇంకా ఫ్యాక్స్ ఏంటి అని నవ్వేవాళ్ళు అమెరికాలో ఇంట్లో పెద్దవాళ్ళని పెట్టుకుని ఒక ఏడాది డాక్టర్ల చుట్టూ తిరిగితే తెలుస్తుంది. మా మామయ్యగారి ఫారాలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి వెళ్ళాలంటే ఈమెయిల్ కుదరదు, ఫ్యాక్స్ చెయ్యండి అంటారు, ఇప్పటికీ. అందుకే న్యూజెర్సీలో మా ఇంట్లో ఈ మెషీన్ ఉంది.

పంపడం, రావడం మామూలే, దాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. స్పీడు సెకనుకి 9600 బిట్లు, అంటే ఇప్పటి లెక్కలో నత్తనడకే, కానీ రెండు మూడు పేజీలకి ఎవరికి తొందర. నాకు నచ్చింది నంబర్లు దాచుకునే పద్ధతి. ఒక్కసారి నొక్కితే దాచిన నంబరు డయల్ అయ్యే వన్ టచ్ బటన్లు 4, అవి కాక చిన్న కోడ్ కొడితే డయల్ అయ్యే స్పీడ్ డయల్ నంబర్లు 100 పెట్టుకోవచ్చు. ఇంట్లో వాడుకకి 100 ఎక్కడ నిండుతాయి లెండి, మాకైతే ఆ 4 బటన్లే ముఖ్యం. ఫ్యామిలీ డాక్టరు, గుండె డాక్టరు, ఇన్సూరెన్సు, టాక్సులు చూసేవాళ్ళు. బటన్ పక్కన తెలుగులో రాసి అతికించేశాను, మామయ్యగారు కాగితం పెట్టి ఆయనే పంపేసుకుంటున్నారు, నన్ను పిలవట్లేదు.

పేరు ఎక్కించడమే కాస్త విసుగు. పాత నోకియాలో మెసేజ్ కొట్టినట్టే, సి కావాలంటే 2 మూడుసార్లు నొక్కాలి, పైగా పేరుకి 15 అక్షరాలే, పొడుగు క్లినిక్ పేర్లు పట్టవు, కుదించి రాసుకోవాలి. కరెంటు పోయినా పెట్టిన నంబర్లు పోవు, అది మాత్రం హాయి.

స్పీడ్ డయల్ అంటే అందరూ టైమ్ కలిసొస్తుంది అనుకుంటారు కానీ నా లెక్కలో దాని అసలు పని తప్పు నంబరు వెళ్ళకుండా చూడడం. 1 నొక్కి ఏరియా కోడ్ తో కలిపి 11 అంకెలు, ప్రతిసారీ చేత్తో కొడితే ఎప్పుడో ఒకసారి వేలు జారుతుంది, మన బ్లడ్ రిపోర్టు ఎవరో తెలియనివాళ్ళ ఇంట్లో ప్రింట్ అవుతుంది. ఫోన్ అయితే సారీ రాంగ్ నంబర్ అని పెట్టేస్తాం, ఫ్యాక్స్ వెళ్ళాక వెనక్కి రాదు కదా. కానీ ఒక చిక్కుంది, దాచేటప్పుడే ఒక అంకె తప్పు పడితే స్క్రీన్ మీద మాత్రం డాక్టరు పేరే దర్జాగా కనిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు, ఫ్యాక్స్ ప్రతిసారీ ఆ తప్పు నంబరుకే వెళ్తుంది. అందుకని నంబర్లన్నీ పెట్టాక మెషీన్ లోంచే లిస్టు ప్రింట్ తీసి ఒక్కో అంకె చూసుకోండి, మొదటిసారి పేరూ ఊరూ లేని ఉత్త కాగితం పంపి అందిందా అని ఫోన్ చేసి అడగండి. క్లినిక్ వాళ్ళు ఆఫీసు మారితే నంబరు మారుతుంది, పాతది మనం మార్చేదాకా అలాగే కూర్చుంటుంది, అదీ గుర్తుంచుకోండి.

ఇంకోటి, ఇది లేజర్ కాదు, రిబ్బన్ తో ప్రింట్ చేస్తుంది. వాడేసిన రిబ్బన్ ని వెలుతురుకి పెట్టి చూస్తే వచ్చిన ఫ్యాక్సులన్నీ చదవొచ్చు, కాబట్టి కత్తిరించి పారెయ్యండి. రిబ్బన్ ఒకటి 150 పేజీల దాకా వస్తుందని కంపెనీ లెక్క.

ఫోన్ లైన్ సంగతి ముందే చూసుకోండి. మాది ఇంటర్నెట్ మీద నడిచే లైన్, మొదట్లో సగం పేజీ వెళ్ళి తెగిపోయేది, ఫోన్ కంపెనీ కస్టమర్ కేర్ వాళ్ళు మెషీన్ మార్చుకోమని ఒకటే పాట. నేను పట్టు వదల్లేదు, చివరికి ఎవరో తెలిసినాయన దొరికి వాళ్ళ వైపు టి.38 అనే, ఇంటర్నెట్ లైన్ మీద ఫ్యాక్స్ తెగకుండా పంపే సెట్టింగ్ ఆన్ చేశాడు, అప్పట్నుంచి బానే వెళ్తున్నాయి. మీదీ అలాంటి లైనే అయితే టి.38 ఇస్తారా లేదా అడిగి ఆ తర్వాతే మెషీన్ కొనండి. ఏడాదికి రెండు ఫ్యాక్సులు పంపేవాళ్ళకి ఇదంతా అనవసరం, దగ్గర్లో షాపుకెళ్ళి పంపుకోవడం నయం.