ట్రెడ్స్‌లో బిల్లు పెడితే డబ్బు ఎంత త్వరగా వస్తుంది? చిన్న యూనిట్ల కోసం ఒక సమీక్ష

పెద్ద కంపెనీకి సరుకు వేసి, బిల్లు పాసయ్యాక కూడా డబ్బు కోసం నెలల తరబడి తిరగడం చిన్న యూనిట్లకు కొత్త కాదు. ఆ బిల్లునే ఆన్‌లైన్‌లో బ్యాంకుల ముందు వేలానికి పెట్టి, వడ్డీ పోను మిగతా సొమ్ము ముందే తీసుకునే ఏర్పాటు ట్రెడ్స్. దీనికి రిజర్వు బ్యాంకు 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆర్‌ఎక్స్‌ఐఎల్, ఎం1ఎక్స్ఛేంజ్, ఇన్‌వాయిస్‌మార్ట్ అనే ఆన్‌లైన్ వేదికలు 2017లో పని మొదలుపెట్టాయి. స్క్రీన్లు వేరైనా మూడింటిలోనూ పని జరిగే తీరు ఒక్కటే.

నమోదుకు ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు), పాన్, జీఎస్టీ నమోదు, బ్యాంకు ఖాతా వివరాలు, సంతకం చేసే అధికారం ఎవరిదో చెప్పే తీర్మానం కావాలి. కాగితాల్లో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. పాన్‌లో ‘ఇండస్ట్రీస్’, బ్యాంకు ఖాతాలో ‘ఇండ్’ అని ఉంటే ఫైలు వెనక్కి వస్తుంది. అన్నిటికంటే ఆలస్యమయ్యేది మీ బ్యాంకు ఇచ్చే ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం. సీసీ లిమిట్ (క్యాష్ క్రెడిట్, అంటే అవసరమైనప్పుడు వాడుకునే బ్యాంకు అప్పు) ఉన్న యూనిట్లకు రావలసిన బాకీలు సాధారణంగా ఆ బ్యాంకుకే తనఖాలో ఉంటాయి. వాటిని ఇంకొకరికి అమ్మాలంటే ముందు ఆ బ్యాంకు ఒప్పుకోవాలి. అందుకే నమోదు ఫారం నింపే రోజే ఎన్‌వోసీకి లేఖ పెట్టండి. అన్ని పార్టీలకూ కలిపి అడిగితే బ్యాంకు వెనకాడుతుంది, ఏ కొనుగోలుదారు బిల్లులకో పేరు రాసి అడిగితే త్వరగా తేలుతుంది.

ఇక అసలు పని. బిల్లు ఎక్కించగానే వేదికలో దాని పేరిట ఒక నమోదు తయారవుతుంది, దాన్ని ఫ్యాక్టరింగ్ యూనిట్ అంటారు. కొనుగోలుదారు దాన్ని అంగీకరించాకే బ్యాంకులు వడ్డీ రేటు వేస్తాయి. నచ్చిన రేటును మీరు ఒప్పుకుంటే మామూలుగా మరుసటి పనిదినానికి డబ్బు ఖాతాలో పడుతుంది. గడువు రోజున బ్యాంకు తన సొమ్మును కొనుగోలుదారు ఖాతా నుంచే తీసుకుంటుంది. వాళ్లు ఎగ్గొట్టినా బ్యాంకు మీ మీదికి రాదు. బ్యాంకులో బిల్లు చూపించి ముందే డబ్బు తీసుకునే మామూలు బిల్ డిస్కౌంటింగ్‌లో చాలాసార్లు ఆ భారం మళ్లీ సరఫరాదారు నెత్తినే పడుతుంది. ట్రెడ్స్‌లో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఈ రక్షణే.

రేటు తేలేది మీ బ్యాలెన్స్ షీట్‌ను చూసి కాదు, కొనుగోలుదారు రేటింగ్‌ను చూసి. ఉదాహరణకు 10 లక్షల బిల్లు, 60 రోజుల గడువు, 9 శాతం రేటు అనుకుందాం. వడ్డీ దాదాపు 14,800 రూపాయలు. అదే సొమ్ము 11 శాతం సీసీలో వాడితే దాదాపు 18,100 అవుతుంది. ట్రెడ్స్‌లో వేదిక రుసుము, దాని మీద జీఎస్టీ అదనం. వాటిని కలుపుకున్నాకే రెండింటినీ పోల్చండి. వడ్డీ కొనుగోలుదారు భరించే ఏర్పాటు కూడా ఉంది, ధర మాట్లాడుకునేటప్పుడే అది తేల్చుకోవాలి.

చిక్కు ఎక్కువగా వచ్చేది అంగీకారం దగ్గరే. సరుకు గేటు దాటినా స్టోర్స్‌లో జీఆర్‌ఎన్ (సరుకు అందినట్టు రాసే పత్రం) పడదు, నాణ్యత తనిఖీ ముగియదు. ఆ రెండూ అయ్యేదాకా అకౌంట్స్ వాళ్లు బటన్ నొక్కరు. బిల్లు పెట్టేటప్పుడు మొత్తం విలువ వేయకండి. టీడీఎస్, కోతలు, క్రెడిట్ నోట్లు పోను నికరంగా వచ్చే సొమ్మే వేయండి. లేకపోతే తిరస్కరించి మళ్లీ పెట్టమంటారు, వారం పోతుంది. బిల్లు నంబరు జీఎస్టీ రిటర్నులో ఉన్నట్టే ఉండాలి, మధ్యలో ఒక గీత తేడా వచ్చినా ఆగిపోతుంది. అంగీకారం వచ్చాక కూడా ఒక్కోసారి రేట్లు రావు. ఆ కొనుగోలుదారుకు బ్యాంకులు పెట్టిన లిమిట్ నిండిపోవడం దానికి ఒక ముఖ్య కారణం. నెలాఖరుకు కుప్పగా పెట్టకుండా జీఆర్‌ఎన్ పడిన రోజే ఒక్కో బిల్లూ పెట్టడం మంచిది.

ఒక వేదికలో నమోదైతే ఇంకో వేదికలో చెల్లదు. ఇది పెద్ద లోపమే, అవే కాగితాలు మళ్లీ మళ్లీ ఇవ్వాలి. కాబట్టి రుసుము చూసి వేదికను ఎంచుకోవద్దు, మీ ప్రధాన కొనుగోలుదారు ఎక్కడ ఉన్నారో కనుక్కుని అక్కడే చేరండి. 250 కోట్లకు మించిన టర్నోవర్ ఉన్న కంపెనీలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు 2025 మార్చి 31లోగా నమోదు కావాలని 2024 నవంబరులో ప్రభుత్వం ఆదేశించింది. రామచంద్రపురంలో బీహెచ్‌ఈఎల్‌కు, విశాఖలో ఉక్కు కర్మాగారానికి సరుకు వేసే యూనిట్లకు ఇది పనికొచ్చే మాట. అయితే ఆదేశం నమోదు వరకే. ప్రతి బిల్లునూ అంగీకరించి తీరాలన్న బలవంతం అందులో లేదు. అందుకని కొనుగోలు ఆర్డరులోనే ‘జీఆర్‌ఎన్ పడిన ఇన్ని రోజుల్లో ట్రెడ్స్‌లో అంగీకరించాలి’ అని ఒక షరతు రాయించుకోండి.

కొనుగోలుదారు ఒప్పుకోకపోతే చట్టం చేతిలో ఉంది. చిన్న పరిశ్రమల కోసం ఉన్న ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న యూనిట్లకు డబ్బు కట్టడానికి ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్)గా వచ్చిన నిబంధన వల్ల, గడువు మీరిన బాకీని కొనుగోలుదారు కట్టిన ఏడాదే ఖర్చుగా చూపించుకోవాలి. ఈ రెండు సంగతులూ కొనుగోలు విభాగం కంటే ఫైనాన్స్ విభాగానికి చెబితే పని త్వరగా కదులుతుంది.

చివరగా, చాలామంది మరిచే సంగతి ఒకటుంది. ట్రెడ్స్‌లో అమ్మేసిన బిల్లును సీసీ బ్యాంకుకు ఇచ్చే ఆ నెల స్టాక్ స్టేట్‌మెంట్‌లో రావలసిన బాకీల నుంచి తీసేయాలి. అలాగే ఉంచితే ఒకే బిల్లు మీద రెండుచోట్ల అప్పు తీసుకున్నట్టవుతుంది. తీసేస్తే డ్రాయింగ్ పవర్ (సీసీలో వాడుకోగల సొమ్ము) తగ్గుతుంది, కాబట్టి ట్రెడ్స్‌లో వచ్చిన డబ్బులో తగినంత ముందు సీసీ ఖాతాలో జమ చేసి, ఆ తర్వాతే ముడిసరుకు వాళ్లకు చెక్కులు రాయండి.