కొత్త ల్యాప్‌టాప్‌కి విండోస్ డిస్క్ ఇవ్వలేదు: రికవరీ పెన్‌డ్రైవ్, మైక్రోసాఫ్ట్ పెన్‌డ్రైవ్, ఏది మేలు?

కొత్త ల్యాప్‌టాప్ పెట్టెలో ఛార్జరు, వారంటీ కాగితాలు ఉంటాయి కానీ విండోస్ డిస్క్ ఉండదు. షాపులో అడిగితే "అంతా లోపలే ఉంది సార్" అంటారు. ఆ మాట సగమే నిజం.

నిజమైన సగం లైసెన్సు గురించి. విండోస్ 7 రోజుల్లో ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద 25 అక్షరాల కీ ఉండేది. అక్షరాలు అరిగిపోతే చాలా అవస్థ. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి కంపెనీలు ఆ కీని మదర్‌బోర్డులోనే ఎక్కించి పంపుతున్నాయి. మళ్లీ ఎన్నిసార్లు విండోస్ వేసుకున్నా, అదే ఎడిషన్ (హోమ్, ప్రో లాంటి రకం) అయితే ఇన్‌స్టాలర్ ఆ కీని తనే చదువుకుంటుంది, నెట్ కలవగానే యాక్టివేట్ అయిపోతుంది. అంటే డబ్బు కట్టి కొన్న లైసెన్సు మన మెషీన్‌లోనే భద్రంగా ఉంది. మనకు లేనిది విండోస్ ఎక్కించే పెన్‌డ్రైవ్ ఒక్కటే. ఆన్‌లైన్‌లో చవగ్గా అమ్మే 'లైఫ్‌టైమ్ కీ'లు, కాపీ డిస్కులు దయచేసి కొనకండి. వాటితో మీకు అసలు పని లేదు.

ఇక నిజం కాని సగం. "లోపలే ఉంది" అని వాళ్లు చెప్పేది రికవరీ పార్టిషన్ గురించి, అంటే విండోస్‌ను బాగుచేసే ఫైళ్ల కోసం విడిగా ఉంచిన భాగం. అది కూడా విండోస్ ఉన్న ఎస్‌ఎస్‌డీలోనే (మన ఫైళ్లన్నీ దాచే డిస్క్) ఉంటుంది. ఇంటి మారుతాళం ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకున్నట్టు అన్నమాట. విండోస్ నెమ్మదించినా, ఏదో అప్‌డేట్ తేడా చేసినా సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'రీసెట్ దిస్ పీసీ' నొక్కితే పని అయిపోతుంది, కావాలంటే మన ఫైళ్లు కూడా ఉంచుతుంది. అంతవరకు మంచి సదుపాయమే. ఎస్‌ఎస్‌డీయే పోయిన రోజున మాత్రం రెండూ కలిసే పోతాయి. ఆ రీసెట్‌లోనే ఉండే 'క్లౌడ్ డౌన్‌లోడ్' విండోస్ ఫైళ్లను కొత్తగా నెట్ నుంచి తెచ్చుకుంటుంది, దానికి 4 జీబీకి పైగా డేటా పట్టవచ్చు. రోజుకు 1.5 జీబీ ప్యాక్‌తో నడిచే హాస్టల్ పిల్లలకు అది కుదరని పని.

అందుకే విడిగా ఒక పెన్‌డ్రైవ్ ఉండి తీరాలి. ఎలాంటిది అన్నదే ప్రశ్న.

మొదటిది రికవరీ డ్రైవ్. స్టార్ట్ మెనూలో 'రికవరీ డ్రైవ్' అని వెతికితే విండోస్‌లోనే దొరుకుతుంది. సిస్టమ్ ఫైళ్లను కూడా కాపీ చేయమనే టిక్ తీసేయకూడదు. అది లేకపోతే ఆ డ్రైవ్‌తో రిపేరు ప్రయత్నాలే తప్ప విండోస్ మళ్లీ వేయడం కుదరదు. కనీసం 16 జీబీ అని మైక్రోసాఫ్ట్ అంటుంది, నేనైతే 32 జీబీది తీసుకోమంటాను. తయారవడానికి గంటలు పట్టవచ్చు, రాత్రి పెట్టి వదిలేయడం నయం. దీని గొప్పతనం డ్రైవర్లలో, అంటే ల్యాప్‌టాప్‌లోని ఒక్కో భాగాన్ని విండోస్‌తో పనిచేయించే చిన్న సాఫ్ట్‌వేర్లలో ఉంది. మీ మోడల్‌కు సరిపడే వైఫై, టచ్‌ప్యాడ్, స్టోరేజ్ డ్రైవర్లు అందులోకి వచ్చేస్తాయి. డెల్, హెచ్‌పీ, లెనోవో లాంటి కంపెనీలు సీరియల్ నంబరు లాంటి మీ మెషీన్ వివరాలు తీసుకుని ఫ్యాక్టరీ ఇమేజ్‌ను (కంపెనీ నుంచి వచ్చినప్పటి విండోస్ పూర్తి కాపీని) పెన్‌డ్రైవ్‌లోకి దించే టూల్స్ కూడా ఇస్తున్నాయి. అవి అన్ని మోడళ్లకూ దొరకవు. దొరికితే అవీ ఈ కోవలోవే. షాపు నుంచి వచ్చినప్పుడు ఉన్న ట్రయల్ యాంటీవైరస్ లాంటి అక్కర్లేని సరుకు కూడా వాటితో తిరిగి వస్తుంది, అంతే.

రెండోది మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఉచితంగా దొరికే మీడియా క్రియేషన్ టూల్‌తో చేసుకునేది. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. శుభ్రమైన విండోస్ వస్తుంది, కంపెనీ చేర్చిన చెత్త ఏదీ ఉండదు. ఏ బ్రాండ్ మెషీన్‌కైనా పనికొస్తుంది. మన దగ్గర అమ్మే ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించే 'హోమ్ సింగిల్ లాంగ్వేజ్' ఎడిషన్ కూడా అందులో ఉంటుంది.

అయితే దీనితో వేసేటప్పుడు చాలామంది బెదిరిపోయే చోటు ఒకటుంది. విండోస్ ఎక్కడ వేయాలో అడిగే తెర మీద ఎస్‌ఎస్‌డీ పేరు ఉండాల్సిన జాగా ఖాళీగా ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ పోయిందనుకుని సర్వీస్ సెంటర్‌కు పరిగెత్తేవాళ్లు ఉన్నారు. చాలాసార్లు అది బాగానే ఉంటుంది. 11వ తరం నుంచి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి వీఎండీ అనే స్టోరేజ్ పద్ధతి ఆన్ చేసి ఉంటుంది, దాని డ్రైవర్ మైక్రోసాఫ్ట్ పెన్‌డ్రైవ్‌లో లేకపోతే ఎస్‌ఎస్‌డీ కనపడదు. కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీకి వెళ్లి ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించుకుని, ఆ ఫైల్‌ను విప్పి (ఎక్స్‌ట్రాక్ట్ చేసి), అదే పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టుకోవాలి. ఆ తెర మీదే ఉన్న 'లోడ్ డ్రైవర్' నొక్కి ఆ ఫోల్డర్ చూపిస్తే ఎస్‌ఎస్‌డీ ప్రత్యక్షమవుతుంది.

ఆ గండం దాటాక వైఫై దగ్గర మరొకటి. విండోస్ 11 సెటప్ మధ్యలో నెట్ అడుగుతుంది, వైఫై డ్రైవర్ లేకపోతే లిస్టులో ఒక్క నెట్‌వర్క్ కూడా రాదు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కేబుల్ ద్వారా ఇవ్వడం) ఆన్ చేస్తే సాధారణంగా గట్టెక్కవచ్చు.

మరి ఏది మేలు? ల్యాప్‌టాప్ కొన్న వారంలోనే అయితే నా ఓటు రికవరీ డ్రైవ్‌కే. మైక్రోసాఫ్ట్ పెన్‌డ్రైవ్‌ను ఎప్పుడైనా, పక్కింటి వాళ్ల కంప్యూటర్‌లోనైనా చేసుకోవచ్చు. విండోస్‌లో చేసుకునే రికవరీ డ్రైవ్ మాత్రం మీ మెషీన్ బాగా నడుస్తున్నప్పుడే తయారవుతుంది, పాడయ్యాక కావాలంటే దొరకదు. తర్వాత చేసుకోలేనిదే ముందు చేసుకోవాలి. ఏడాదికోసారి మళ్లీ చేసుకుంటే అప్‌డేట్లూ అందులోకి వస్తాయి. బీటెక్‌కు వెళ్తున్న పిల్లల బ్యాగులో పెట్టి పంపాల్సిందీ ఇదే, ఎందుకంటే డ్రైవర్ల కోసం వాళ్లు ఎక్కడా వెతుక్కోనక్కర్లేదు.

డ్రైవర్ల పని తెలిసినవాళ్లకు, ఎస్‌ఎస్‌డీ పెద్దది వేయించుకునేవాళ్లకు మైక్రోసాఫ్ట్ పెన్‌డ్రైవ్ మేలు. ఆ శుభ్రత రికవరీ డ్రైవ్‌తో రాదు. వారంటీ దాటిన పాత మెషీన్‌కూ నేను దీన్నే చెబుతాను.

ఈ రెండింటిలో దేనితో విండోస్ కొత్తగా వేసినా లోపలి ఫైళ్లు పోతాయన్నట్టే చూడాలి. ఫోటోలు, ప్రాజెక్టు ఫైళ్లు వేరే చోట కాపీ చేసుకోవడం దీనికి సంబంధం లేని పని, దాన్ని ఎలాగూ చేయాలి. పెన్‌డ్రైవ్ తయారయ్యేటప్పుడు కూడా అందులో పాతవేమైనా ఉంటే చెరిగిపోతాయి.

మీ విండోస్ 11లో బిట్‌లాకర్ అనే డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే ఫైళ్లకు వేసే తాళం, దానంతటదే ఆన్ అయి ఉండవచ్చు. రిపేరు సమయంలో 48 అంకెల బిట్‌లాకర్ కీ అడిగితే అది లేకుండా లోపలి ఫైళ్లు అందవు. ఆ కీ మొదటిసారి లాగిన్ అయిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో చేరుతుంది. అందుకే షాపులో "మేమే సెట్ చేసి ఇస్తాం" అన్నా సరే, అకౌంట్ మాత్రం మీ సొంతది వేయించుకోండి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఆఫీస్ కూడా యాక్టివేట్ చేసిన అకౌంట్‌కే అంటుకుని ఉంటుంది, విండోస్ మళ్లీ వేశాక అందులో లాగిన్ అయితేనే తిరిగి దొరుకుతుంది.

ఎప్పుడైనా మదర్‌బోర్డు మార్చాల్సి వస్తే, సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గరే సెట్టింగ్స్ తెరిచి యాక్టివేషన్ చూసుకుని మరీ తెచ్చుకోండి. కీ ఉన్నది పాత బోర్డులో, కొత్తదానిలో దాన్ని ఎక్కించి ఇవ్వాల్సింది వాళ్లే.