లారీ లేని దారి కోసం: లింగంపల్లి నుంచి వికారాబాద్ దాకా సైకిల్ మీద

హైదరాబాద్ నుంచి సైకిల్ మీద ఏ దిక్కుకు బయల్దేరినా మొదటి ముప్పై కిలోమీటర్లే అసలు కష్టం. వంద కిలోమీటర్లు తొక్కగల కాళ్లున్నా సరే, ఆ ముప్పైలో టిప్పర్లు, రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకుల మధ్య మనసు అలిసిపోతుంది. నేనుండేది లింగంపల్లి వైపు. నాలుగేళ్లుగా నా ఆదివారాలన్నీ ఈ ముప్పై కిలోమీటర్లను తప్పించే దారులు వెతకడానికే పోయాయి. మా ఆవిడైతే "కూరగాయలకు పంపినా ఊరంతా చుట్టి వస్తాడు" అంటుంది.

మొదట్లో అందరిలాగే హైవేలే తొక్కాను. ఒక 200 కిలోమీటర్ల బ్రెవెట్ (గడువులోగా దూరం పూర్తి చేయాల్సిన సైకిల్ యాత్ర) కూడా బెంగళూరు హైవే మీదే పూర్తి చేశాను. దానికి గడువు పదమూడున్నర గంటలు. హైవేకి ఉన్న మంచి గుణాలు కాదనలేం. అంచున వెడల్పాటి షోల్డర్ ఉంటుంది, అర్ధరాత్రి కూడా టీ దొరుకుతుంది, దారి తప్పే భయం లేదు. కానీ ఇంటికొచ్చి పడుకున్నాక కూడా చెవుల్లో లారీల మోతే. ఇంత దూరం తొక్కి నేను చూసిందేమిటని ఆలోచిస్తే టోల్ గేట్లు, దాబాల బోర్డులు తప్ప ఒక్క చెట్టు పేరు గుర్తు రాలేదు.

అప్పటి నుంచి దారి ఎంచుకునే పద్ధతి మార్చాను. నా లెక్క సులువు. ఒక ఊరికి పల్లెవెలుగు బస్సు రోజుకు మూడు నాలుగు ట్రిప్పులు వేస్తోందంటే ఆ రోడ్డుకు తారు ఉంది, బండ్లు తక్కువ. బస్సే లేదంటే గుంతలో, మట్టిదారో. పది నిమిషాలకో బస్సు ఉంటే ఆ రోడ్డు మనది కాదు. రెండోది, పక్కనే పెద్ద రోడ్డో రైలుదారో ఉండాలి. తొందరున్నవాళ్లంతా అటు పోతారు, పాత రోడ్డు మనకు మిగులుతుంది. మూడోది శాటిలైట్ మ్యాప్‌లో చూసుకోవాలి. తెల్లగా పెద్ద గొయ్యిలా కనిపించిందంటే క్వారీ, దాని పక్కన కంకర మిషన్. అక్కడి నుంచి మెయిన్ రోడ్డు దాకా టిప్పర్లే. స్ట్రావా యాప్‌లో హీట్‌మ్యాప్ (జనం తిరిగిన దారులను వెలిగే గీతలుగా చూపే మ్యాప్) కూడా చూస్తాను, కానీ తిరగేసి. దట్టంగా వెలిగే గీత అంటే సైకిళ్లు ఎక్కువని అర్థం, కార్లు తక్కువని కాదు. నేను వెతికేది సన్నగా, మసగ్గా ఉన్న గీత.

ఆ దట్టమైన గీతల్లో మొదటిది గండిపేట. 1908 మూసీ వరదల తర్వాత కట్టి, 1920లో పూర్తి చేసిన ఉస్మాన్ సాగర్. నీళ్లు, గాలి, తెల్లవారు జామున పొగమంచు, అన్నీ బాగుంటాయి. ఆరున్నర దాకా. ఆ తర్వాత టిఫిన్ కోసం వచ్చే కార్లు, ఫొటోషూట్ జంటలు, చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లే బండ్లు. ఆదివారం అక్కడ సైకిల్ తొక్కడమంటే పెళ్లి ఊరేగింపుకు ఎదురెళ్లినట్టే. మంగళవారం, బుధవారం వెళ్లి చూడండి, అదే రోడ్డు వేరేగా ఉంటుంది. నా మటుకు ఇది అందరూ ఉన్నదానికన్నా ఎక్కువగా పొగిడే రూటు.

నగరానికి ఇంత దగ్గర్లో ఇంకా పొలాలు, ఖాళీ రోడ్లు మిగలడానికి పెద్ద కారణం 1996లో వచ్చిన 111 జీవో. జంట జలాశయాలైన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో నిర్మాణాలకు కళ్లెం వేసింది అదే. ఫామ్‌హౌస్‌లు ఎలాగూ వెలిశాయనుకోండి, అది వేరే కథ. 2022లో ప్రభుత్వం ఆ జీవోలోని ఆంక్షలు ఎత్తేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఆ తర్వాత శంకర్‌పల్లి దారిలో నేను చూసే వెంచర్ల గేట్లు ప్రతి సీజన్‌కూ పెరుగుతున్నాయి. అందుకే ఈ రాతలో "ప్రశాంతం" అన్న ప్రతి మాట పక్కనా మొన్నటి శీతాకాలం నాటికి అని చదువుకోండి.

ఇక నగరం దాటించే ముక్క. ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ లేన్లలోకి సైకిల్‌ను రానివ్వరు. ఆ లోటు కొంత తీర్చింది సర్వీస్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్ 1న మొదలైన సోలార్ సైకిల్ ట్రాక్. మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా 8.5, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సోలార్ ప్యానెళ్ల కప్పు. దీన్ని సుదీర్ఘ యాత్ర అనుకుని వెళ్తే విసుగొస్తుంది. కప్పు కింద ఆకాశం కనపడదు, పక్క నుంచి ఔటర్ హోరు. కానీ దీన్ని ఒక గొట్టంలా వాడుకుంటే బంగారం. కోకాపేట, గచ్చిబౌలి వైపు ఉండేవాళ్లను ఒక్క టిప్పర్‌తోనూ పని లేకుండా కొల్లూరులో దింపేస్తుంది. పిల్లలతో మొదటిసారి ఇరవై కిలోమీటర్లు తొక్కించాలన్నా ఇంతకన్నా మంచి చోటు నగరంలో నాకు తెలియదు.

డిసెంబర్‌లో ఒక శుక్రవారం సెలవు కలిసొస్తే మా బావమరిదితో కలిసి రెండు రోజుల ప్రయాణం పెట్టుకున్నాను. వికారాబాద్ వెళ్లి రావడం. గూగుల్‌ను అడిగితే చేవెళ్ల మీదుగా బీజాపూర్ హైవే చూపిస్తుంది. ఒకప్పుడు ఆ దారికి పేరు తెచ్చినవి మర్రిచెట్లు, వందల కొద్దీ మర్రులు. ఇప్పుడు మొయినాబాద్ నుంచి మన్నెగూడ దాకా రోడ్డు వెడల్పు చేసే పని. చెట్లను చూడ్డానికి కారులో ఒకసారి వెళ్లండి, సైకిల్ మీద మాత్రం వద్దు. షోల్డర్ లేని రోడ్డు, ఎదురుగా ఓవర్‌టేక్ చేస్తూ వచ్చే బండ్లు.

మేం పట్టిన దారి కొల్లూరు, వెలిమెల, కొండకల్, శంకర్‌పల్లి. కొండకల్ దగ్గర రైలు పెట్టెల ఫ్యాక్టరీ కనిపిస్తుంది, షిఫ్ట్ మారే వేళ తప్పించుకుంటే రోడ్డు ఖాళీ. మోకిల మీదుగా శంకర్‌పల్లి వెళ్లే రోడ్డు మీకు ఎవరైనా చెప్తే వినకండి, అది ఇప్పుడు విల్లాల వీధి. శంకర్‌పల్లిలో రైలు గేటు దగ్గరి హోటల్లో పూరీ, టీ. సైకిళ్లను చూసి ఓనర్ అడిగాడు: "ఎంత వడ్డది సార్ ఇది?" మా బావమరిది నిజం చెప్పేశాడు. "గా పైసలకు బండే వచ్చు గద" అని ఆయన చాలాసేపు దిగులుపడ్డాడు, మా తరఫున.

అసలు దారి అక్కడి నుంచి మొదలు. శంకర్‌పల్లి నుంచి నవాబ్‌పేట మండలం ఊళ్ల మీదుగా వికారాబాద్ దాకా, రైలుదారికి కాస్త అటూ ఇటూగా పోయే చిన్న రోడ్లు. నా నాలుగేళ్ల వెతుకులాటలో దొరికిన మంచి ముక్క ఇదే. గంటలో మాకు ఎదురైనవి రెండు ట్రాక్టర్లు, ఒక స్కూల్ వ్యాను, ఒక పల్లెవెలుగు. చలికాలం కాబట్టి పత్తి ఏరుతున్న ఆడవాళ్లు, కంది చేలు, అక్కడక్కడ ఎర్రమట్టి దుక్కులు. తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చిన జిల్లా కదా, చేను చేనుకూ కంది కనిపిస్తుంది. నగరం కన్నా వికారాబాద్ ఎత్తు మీద ఉంటుంది. పోయేటప్పుడు దారంతా ఎక్కడమే, కానీ కంటికి కనపడని ఎక్కుడు. "టైరులో గాలి తగ్గిందా బావా?" అని మావాడు నాలుగుసార్లు దిగి నొక్కి చూశాడు.

ఐదోసారి నిజంగానే తగ్గింది. సర్కారు తుమ్మ ముల్లు. రోడ్డు పక్కన కంప కొట్టి పడేస్తారు, ఆ ముళ్లు తారు మీదికి వస్తాయి. ట్యూబ్ మార్చేసరికి నా వెనక చక్రం కూడా కూర్చుంది. స్పేర్ ట్యూబ్ ఒక్కటే ఉంది. దగ్గరి ఊళ్లో పంక్చర్ షాపు పెద్దాయన సొల్యూషన్ పూసి ప్యాచ్ అద్భుతంగా వేశాడు గానీ, ఆయన పంపు మా సన్నటి ప్రెస్టా వాల్వ్‌కు పట్టదు. ముప్పై నలభై రూపాయలకు దొరికే ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో ఉండబట్టి గట్టెక్కాం. ఈ రూటుకు వచ్చేవాళ్లు హెల్మెట్ తర్వాత దాన్నే సర్దుకోవాలి.

ఇంకో రెండు విషయాలు. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద వడ్లో, మక్కలో ఆరబోస్తారు. కుప్పల అంచుకు రాళ్లు పెడతారు, ధాన్యం ఎత్తేశాక రాళ్లు అక్కడే ఉంటాయి. పొద్దుగూకాక ఈ రోడ్ల మీద వద్దు. రెండోది, రైలుదారి కింద నుంచి పోయే అండర్ బ్రిడ్జీలు. వానాకాలంలో ఇదే దారిలో ఒకసారి మోకాళ్ల లోతు నీళ్లలో సైకిల్ భుజాన వేసుకుని దాటాను. అవతల గట్టు మీద కూర్చున్న ముసలమ్మ "సైకిల్ మీద నువ్వు పోవాలె గని, నీ మీద సైకిల్ పోవుడేంది బిడ్డా" అంది.

వికారాబాద్ చేరేసరికి ఒంటిగంట. బస విషయంలో రెండు అనుభవాలు చెప్తాను. అంతకుముందు ఏడాది ఆ చుట్టుపక్కల ఒక రిసార్ట్‌లో దిగాను. రాత్రికి నాలుగున్నర వేలు. గది బాగుంది, ఈతకొలను బాగుంది. సైకిల్ మాత్రం గదిలోకి రానివ్వలేదు, వాచ్‌మన్ గది బయట తాళం వేసుకోమన్నారు. రాత్రి పదకొండు దాకా డీజే. పొద్దున్న టిఫిన్ ఎనిమిదిన్నరకు ముందు లేదు. సైక్లిస్టుకు ఎనిమిదిన్నర అంటే సగం రోజు. ఈసారి ఊళ్లోనే ఒక మామూలు లాడ్జిలో దిగాం. ఎనిమిది వందలు. బాత్రూమ్ గురించి గొప్పగా చెప్పలేను, పరుపు కూడా పల్చన. కానీ కౌంటర్‌లో కుర్రాడు ఏమీ అడక్కుండానే సైకిళ్లు ఎత్తి గదిలో పెట్టించాడు, మురికి చైన్ తుడుచుకోవడానికి పాత గుడ్డ కూడా ఇచ్చాడు. సాయంత్రం రోడ్డు పక్కన పొయ్యి మీద వేడివేడి జొన్నరొట్టెలు, పచ్చడి. ఇద్దరికీ రెండు వందలు కాలేదు. మళ్లీ వెళ్తే లాడ్జికే వెళ్తాను. కుటుంబంతో వెళ్లేవాళ్లకు అనంతగిరి మీద టూరిజం వాళ్ల హరిత రిసార్ట్ ఉంది, శని, ఆదివారాలకు ముందే బుక్ చేసుకోవాలి.

మర్నాడు ఐదున్నరకు అనంతగిరి ఎక్కాం. ఊరి నుంచి ఐదారు కిలోమీటర్లు, అడవిలో మలుపులు. ఎక్కుడు గట్టిదే కానీ చిన్నది. ఆ వేళకు అనంత పద్మనాభస్వామి గుడి దగ్గర పూలమ్మేవాళ్లు కూడా రాలేదు. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. గండిపేటలో నిండుగా చూసిన నీళ్లు, నగరం కింద ప్రతాపసింగారం దగ్గర నురగలు కక్కే నీళ్లు ఇవేనా అనిపిస్తుంది. ఎనిమిది దాటాక కిందికి దిగుతుంటే కార్ల వరస ఎదురైంది. కోట్‌పల్లి రిజర్వాయర్ ఇక్కడి నుంచి ఇంకో ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. కయాకింగ్ వల్ల శని, ఆదివారాలు అటూ ఇదే వరస. నేను వేరే నెలలో గురువారం వెళ్లాను, ధారూర్ దాటాక రోడ్డంతా నాదే.

తిరుగుదారి మోమిన్‌పేట మీదుగా శంకర్‌పల్లి. వికారాబాద్ నుంచి మోమిన్‌పేట దాకా లారీలు తగిలాయి, అక్కడ కుడికి తిరిగాక మళ్లీ హాయి. నేల నగరం వైపు వాలుగా ఉంటుంది కదా, ఎగిరిపోతాం అనుకున్నాం. చలికాలం తూర్పు గాలి ఎదురుగా కొడుతుందన్న సంగతి మరిచిపోయాం. దిగుడులోనూ తొక్కాల్సొచ్చింది. రెండు రోజులకు కలిపి మా మీటర్ నూట అరవై దాటింది.

నగరానికి తూర్పున ఉండేవాళ్లకు ఈ దారి దూరం. వాళ్లకు ఘట్‌కేసర్, ఏదులాబాద్ మీదుగా భూదాన్ పోచంపల్లి చెప్తాను. వరంగల్, విజయవాడ హైవేలు రెండూ చెరో పక్క ట్రాఫిక్‌ను లాగేసుకోవడంతో మధ్యలో పల్లె రోడ్లు తేలిగ్గా ఉంటాయి. 1951 ఏప్రిల్‌లో వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చిన ఊరు. మగ్గాల చప్పుడు వింటూ వీధుల్లో సైకిల్ నడిపించుకుంటూ తిరగొచ్చు. మూసీ దాటే చోట మాత్రం ముక్కుకు రుమాలు కట్టుకోండి. ఉత్తరాన నర్సాపూర్ అడవి నీడగా ఉంటుంది గానీ రోడ్డు బిజీ, పైగా కోతులు. హ్యాండిల్ సంచిలో అరటిపళ్లు పెట్టుకుని నేను చేసిన తప్పు మీరు చేయొద్దు.

వచ్చే నెల మోమిన్‌పేట దగ్గర కుడికి తిరగకుండా నేరుగా సదాశివపేట వైపు వెళ్లి, అక్కడి నుంచి శాతవాహనుల కాలపు దిబ్బ ఉన్న కొండాపూర్ (నగరంలోది కాదు, సంగారెడ్డి జిల్లాలోది) చేరాలని ఉంది. పురావస్తు శాఖ మ్యూజియానికి శుక్రవారం సెలవు కాబట్టి శనివారం పెట్టుకున్నాం. బావమరిది అప్పుడే నాలుగు ట్యూబులు కొనేశాడు.