గోడో ప్లగిన్‌లను కలిపిన ఒక్క లైను: రెండేళ్లు వాడాక

ఆటలు తయారుచేసే గోడో ఎడిటర్‌లో నీకు బాగా నచ్చింది ఏమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇంజిన్ క్లాసులో ఓ మూలన ఉండే ఒక వస్తువును పేరు పెట్టి ఎడిటర్ అంతటికీ అందించే రిజిస్టర్ సింగిల్టన్ అనే ఫంక్షన్ గురించే. రెండేళ్లుగా మా ఆట పని దాని మీదే నడుస్తోంది. ప్లగిన్ (ఎడిటర్‌కు మనం తగిలించే అదనపు పనిముట్టు) ఎలా తయారుచేయాలో, టూల్ స్క్రిప్టు (ఎడిటర్‌లోనే నడిచే కోడ్) అంటే ఏమిటో మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను.

మా జట్టు ఇద్దరమే. ప్లగిన్‌లు నేను రాస్తాను. సంభాషణలు, వాటి ఇంగ్లిషు అనువాదం మా పిన్ని కొడుకు చూస్తాడు. సంభాషణల ప్లగిన్ ఎడిటర్ కుడివైపు డాక్‌లో, అంటే పక్క పలకలో ఉంటుంది, అనువాదాల పట్టిక కింద ప్యానెల్‌లో ఉంటుంది. మొదట్లో వాడు ఒక్కో మాట కోడ్‌ను డాక్‌లో కాపీ చేసి, పట్టికలో వెతికి, మళ్ళీ పైకి వచ్చేవాడు. మాటలు వెయ్యి దాటాక అలా కుదరదని తేలిపోయింది. డాక్‌లో మాట మీద నొక్కితే పట్టికలో ఆ వరుస దానంతటదే కనిపించాలి. మాకు కావలసింది అంతే.

కానీ గోడోలో ఒక ప్లగిన్ ఉన్నట్టు ఇంకో ప్లగిన్‌కు తెలియదు. ప్లగిన్ డాట్ సీఎఫ్‌జీ ఫైల్లో పేరు, రచయిత, వెర్షన్ రాసుకోవచ్చు కానీ 'నాకు ఫలానా ప్లగిన్ కావాలి' అని చెప్పే చోటు లేదు. ఒకదాని స్క్రిప్టును ఇంకోదాంట్లో ప్రీలోడ్ చేసి (ముందే కలిపేసి) చూశాను. మొదటిదాని ఫోల్డర్ లేని కాపీలో రెండోది కూడా లోడ్ కాలేదు, ఎడిటరే దాన్ని ఆపేసింది. ఆటోలోడ్ (ప్రాజెక్టు అంతటికీ అందే స్క్రిప్టు) పెట్టి చూశాను. పనిచేసింది కానీ అది ప్రాజెక్టు ఫైల్లోకి ఎక్కుతుంది, ఆటతో పాటు ఎక్స్‌పోర్ట్ కూడా అవుతుంది. ఎడిటర్‌కు మాత్రమే పనికొచ్చే వస్తువు ఆటగాడి దగ్గరకు వెళ్లడం నాకు నచ్చలేదు.

అప్పుడు దొరికింది రిజిస్టర్ సింగిల్టన్. సంభాషణల ప్లగిన్ లేవగానే ఒక చిన్న నోడ్‌ను (గోడోలో అన్నీ కట్టే ముక్క) 'మాటల కూడలి' అనే అర్థం వచ్చే పేరుతో నమోదు చేస్తుంది. పట్టిక ఆ పేరు ఉందా అని హ్యాజ్ సింగిల్టన్‌తో అడిగి, ఉంటే ఆ నోడ్‌ను తీసుకుని, దాని సిగ్నల్‌కు, అంటే ఏదైనా జరిగినప్పుడు అది పంపే కబురుకు, కనెక్ట్ అవుతుంది. ప్రాజెక్టు ఫైల్లో ఏమీ మారదు. సంభాషణల ప్లగిన్ లేకపోయినా పట్టిక మామూలుగా తెరుచుకుంటుంది. మొదటిసారి మాట మీద నొక్కగానే కింద వరుస వెలిగినప్పుడు ఆ సాయంత్రమంతా ఊరికే నొక్కుతూ కూర్చున్నాను.

కొన్ని నెలల తర్వాత ఒకరోజు తమ్ముడు ఫోన్ చేసి, "అన్నయ్యా, ఎడిటర్ మళ్ళీ మూసుకుపోయింది, గంట పని పోయింది" అన్నాడు. తప్పు చూపే ఎర్ర లైను ఏదైనా వచ్చిందా అంటే ఏమీ లేదన్నాడు. కిటికీ మొత్తం మాయమైందట. నా దగ్గర మాత్రం అంతా బాగానే ఉంది. వారం రోజులు పట్టిక కోడ్‌లోనే తప్పు వెతికాను. వాడి గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అనుమానించాను. చివరికి వాడి స్క్రీన్ చూస్తూ మొదటి నుంచి ఒక్కో అడుగూ చేయమన్నాను. నేను పంపిన కొత్త కోడ్ రాగానే వాడు ప్రాజెక్టు సెట్టింగ్స్‌లో సంభాషణల ప్లగిన్‌ను ఆఫ్ చేసి ఆన్ చేస్తున్నాడు. నేనైతే ప్రతిసారీ ఎడిటర్‌నే మూసి తెరుస్తాను. అదే తేడా.

ఆఫ్ చేయగానే ప్లగిన్‌తో పాటు నా కూడలి నోడ్ కూడా చెరిగిపోతుంది. పేరు మాత్రం ఇంజిన్ దగ్గర అలాగే ఉండిపోతుంది. నమోదు చేసిన వస్తువును ఇంజిన్ తన దగ్గర పట్టి ఉంచుకోదు, దాని చిరునామా మాత్రమే రాసుకుంటుంది. ఇల్లు కూలిపోయినా చిరునామా మిగిలింది. మళ్ళీ ఆన్ చేసినప్పుడు, ఆ పేరు ముందే నమోదై ఉందని కొత్త నోడ్‌ను తిరస్కరించింది. ఆ ఒక్క ఎర్ర లైను ఔట్‌పుట్‌లో వచ్చే ఉంటుంది, ఎడిటర్‌తో పాటే పోయింది. పట్టిక ఆ పాత చిరునామాకు వెళ్లి తలుపు తట్టేది. ఒక్కోసారి ఏమీ కాలేదు, ఒక్కోసారి ఎడిటర్ మొత్తం కూలింది.

తప్పు నాదే. ప్లగిన్ ఆగేటప్పుడు నడిచే ఎగ్జిట్ ట్రీలో అన్‌రిజిస్టర్ సింగిల్టన్ అని ఒక్క లైను రాసి ఉంటే వాడి పని పోయేది కాదు. ఇప్పుడు నమోదు రాసిన క్షణమే దాన్ని తీసేసే లైను కూడా రాస్తున్నాను, మిగతా కోడ్ ఆ తర్వాతే. ఇలాంటిదే ఇంకోటి ఉంది. రెఫ్‌కౌంటెడ్ వస్తువును (ఎవరూ పట్టుకుని లేకపోతే దానంతటదే చెరిగిపోయేది) నమోదు చేస్తే, దాన్ని మన ప్లగిన్‌లో ఒక వేరియబుల్‌లో దాచి ఉంచాలి. లేకపోతే ఫంక్షన్ ముగియగానే అదీ పోతుంది.

ఒక్క లైనుతో పని అయిపోతుందని మొదట్లో మా స్నేహితులందరికీ చెప్పాను. నిజానికి అది ఒక్క లైను కాదు. ప్లగిన్ మళ్ళీ ఆన్ అయినప్పుడు కూడలి కొత్తది, పాత కనెక్షన్ ఉండదు, పట్టిక చప్పుడు చేయకుండా ఊరుకుంటుంది. ఎడిటర్ తెరిచినప్పుడు పట్టిక ముందు లేస్తే కూడలి దొరకదు, అందుకే కాల్ డిఫర్డ్‌తో కాస్త ఆగి అడుగుతున్నాను. చివరికి కూడలిని ఎవరూ ఆఫ్ చేయాల్సిన అవసరం రాని ఒక చిన్న మూడో ప్లగిన్‌లోకి మార్చాను. అప్పటి నుంచి తమ్ముడి దగ్గర ఎడిటర్ ఒక్కసారి కూడా అలా పోలేదు.

ఇద్దరు ముగ్గురు సొంతంగా రాసుకున్న ప్లగిన్‌లను గోడో సొంత భాష జీడీస్క్రిప్ట్‌లోనే కలుపుకోవాలంటే నేను ఇదే వాడమంటాను. సీ షార్ప్ భాషలో రాసే జట్లకు ఇది ఎంత నప్పుతుందో చెప్పేంత అనుభవం నాకు లేదు. బయటివాళ్లకు ఇచ్చే ప్లగిన్ అయితే ఇంకో చిక్కు ఉంది. ఈ పేర్లు ఎడిటర్ మొత్తానికీ ఒకటే కాబట్టి, ఇంకొకరు కూడా అదే పేరు పెడితే రెండోవారిది నమోదు కాదు. మా అనువాదాల పట్టికను ఎప్పుడైనా బయటికి ఇస్తే, పేరు ముందు మా ఆట పేరు తగిలించి, కూడలి ఉన్నా లేకపోయినా పట్టిక నడుస్తుందో లేదో తమ్ముడి చేత పదిసార్లు ఆఫ్, ఆన్ చేయించి చూశాకే ఇస్తాను.